విజిల్ ఊదని కోచ్, 489 గెలుపులు

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన కోచ్ ఎవరని అడిగితే, శనివారం వస్తే టీవీ ముందు నుంచి కదలని అభిమానులు కూడా అలబామా, పెన్ స్టేట్, ఫ్లోరిడా స్టేట్ లాంటి పెద్ద విశ్వవిద్యాలయాల పేర్ల చుట్టూ తిరిగి తప్పు జవాబు చెప్పే అవకాశమే ఎక్కువ. సరైన జవాబు జాన్ గలార్డి. ఇటాలియన్ పేరు కనక స్పెల్లింగు చూసినవాళ్లకు ‘గాగ్లియార్డి’ అని చదవాలనిపిస్తుంది గానీ, ఆయన్ను ఎరిగినవాళ్లు పలికేది గలార్డి అనే. 1949 నుంచి 2012 వరకు 64 సీజన్ల పాటు హెడ్ కోచ్‌గా పనిచేసి, 489 మ్యాచ్‌లు గెలిచి, 138 ఓడి, 11 డ్రా చేసుకున్న ఈ మనిషి అందులో మొదటి నాలుగేళ్లు మోంటానా రాష్ట్రంలోని కారల్ కాలేజీలోను, మిగిలిన అరవై ఏళ్లూ మిన్నెసోటాలోని కాలేజ్‌విల్ అనే చిన్న ఊళ్లో సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలోను గడిపారు. డ్రాలన్నీ పాతకాలం నాటివే; 1996 నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌లో అదనపు సమయం ఆడించి ఫలితం తేల్చేస్తున్నారు.

ఇంత పెద్ద లెక్క ఉన్నా ఈ పేరు ఎందుకు వినబడదు, ఆ లెక్కకు ఎంత విలువ కట్టాలి, అసలు ఒక మనిషి ఒకే చిన్న కాలేజీలో అరవై ఏళ్లు కోచ్‌గా ఎలా నిలబడగలిగారు అన్న మూడు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. చిక్కు విప్పాలంటే ముందు ‘చిన్న కాలేజీ’ అంటే ఏమిటో తెలియాలి.

అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ 1973లో తన సభ్య కాలేజీలను మూడు డివిజన్లుగా విడగొట్టింది. అన్నిటికంటే పైన ఉన్న డివిజన్ వన్‌లో లక్షమంది పట్టే స్టేడియాలు, టీవీ ఒప్పందాలు, ఆటగాళ్లకు పూర్తి స్కాలర్‌షిప్పులు, కోచ్‌లకు ఏడాదికి కోటి డాలర్లు దాటే జీతాలు ఉంటాయి. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన కోచ్‌ను ఒప్పందం మధ్యలో తొలగించినప్పుడు, ఇక పని చేయనవసరం లేని ఆ మనిషికి చెల్లించాల్సి వచ్చిన మొత్తమే సుమారు ఏడున్నర కోట్ల డాలర్లు. అన్నిటికంటే కింద ఉన్న డివిజన్ త్రీలో ఆటకని ఒక్క డాలరు కూడా స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. చదువులో ప్రతిభను, కుటుంబ ఆదాయాన్ని చూసి అందరు విద్యార్థులకూ ఇచ్చే సాయం వేరే సంగతి. బంతి బాగా విసురుతాడని ఫీజు తగ్గించడానికి మాత్రం వీల్లేదు. ఆటగాడు అందరిలాగే ఫీజు కట్టుకుని, అందరితోపాటు క్లాసుకు వెళ్లి, సాయంత్రం మైదానానికి వస్తాడు. చదువు అయ్యాక ప్రొఫెషనల్ జట్టులో చోటు దొరికే అవకాశం దాదాపు లేదనే అనుకోవచ్చు.

అటువంటి చోట కోచ్ ఉద్యోగం పెద్ద కాలేజీ కోచ్ ఉద్యోగానికి చిన్న నమూనా కాదు, వేరే వృత్తి అనే చెప్పాలి. పెద్ద కాలేజీలో హెడ్ కోచ్ కింద పదిమందికి పైగా సహాయ కోచ్‌లు, విశ్లేషకులు, ఆటగాళ్లను వెతికే సిబ్బంది ఉంటారు. చిన్న కాలేజీలో ఒకే మనిషి ఉదయం క్లాసు చెబుతాడు, మధ్యాహ్నం హైస్కూల్ కోచ్‌లకు ఫోన్లు చేస్తాడు, సాయంత్రం ప్రాక్టీసు నడుపుతాడు, చలికాలం రాగానే మరో ఆటకు కోచ్‌గా మారతాడు. గలార్డి సెయింట్ జాన్స్‌లో కొన్నేళ్లు ఐస్ హాకీ జట్టును కూడా నడిపారు. కొలరాడోలో బొగ్గు గనుల ఊళ్లో పుట్టి పెరిగిన ఆయన మిన్నెసోటా కుర్రాళ్లకు ఆ ఆటలో కోచ్ అయ్యారంటే, ఆ కొలువులో పనులు ఎలా పంచుకునేవారో అర్థమవుతుంది. క్రీడా విభాగం డైరెక్టర్ బాధ్యత మోశారు, ఫుట్‌బాల్ సిద్ధాంతం మీద ఒక కోర్సు కూడా చెప్పారు.

ఈ వృత్తిలో సాధారణంగా కనిపించే దారి నిచ్చెన లాంటిది. చిన్న కాలేజీలో పేరు తెచ్చుకున్నవాడు ఒక మెట్టు పైనున్న కాలేజీకి, అక్కడి నుంచి ఇంకా పెద్ద దానికి వెళతాడు. విస్కాన్సిన్-వైట్‌వాటర్ కాలేజీలో ఎనిమిదేళ్లలో 109 మ్యాచ్‌లు గెలిచి ఆరు మాత్రమే ఓడి, ఆరు జాతీయ టైటిళ్లు గెలిచిన లాన్స్ లీపోల్డ్ ఆ తర్వాత డివిజన్ వన్‌లోని బఫలో విశ్వవిద్యాలయానికి, 2021లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. గలార్డి ఆ నిచ్చెన ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదన్నదానికి సంతృప్తి, విధేయత, ఊరి మీద మమకారం అని తేలికైన జవాబులు చాలా చెబుతారు. అవి అబద్ధాలని నేను అనను. అయితే ఆయన పద్ధతిని దగ్గరగా చూస్తే, అది పైమెట్ల మీద బతికి బట్టకట్టే పద్ధతి కాదని, ఆయన అక్కడే ఉండిపోవడానికీ గెలవడానికీ మూలం ఒక్కటేనని నాకు అనిపిస్తుంది.

పద్ధతి మొదలైంది 1943లో, ట్రినిడాడ్ అనే కొలరాడో ఊళ్లో. గలార్డికి అప్పుడు పదహారేళ్లు, క్యాథలిక్ హైస్కూల్ జట్టులో ఆటగాడు. రెండో ప్రపంచ యుద్ధం కోసం కోచ్‌ను సైన్యంలోకి పిలిచారు. కొత్త కోచ్‌ను తెచ్చుకునే స్తోమత ఆ బడికి లేదు. జట్టునే రద్దు చేసే పరిస్థితి వచ్చింది. నేను నడుపుతానని ముందుకొచ్చిన ఆ కుర్రాడు మొట్టమొదట చేసిన పని కొత్త వ్యూహం కనిపెట్టడం కాదు, తనకు నచ్చనివన్నీ తీసేయడం. వ్యాయామాల పేరిట వంగి లేవడాలు, మైదానం చుట్టూ శిక్ష పరుగులు, దాహమేసినా నీళ్లు తాగనివ్వని నియమం, ఒకరి మీద ఒకరు పడి కొట్టుకునే డ్రిల్లులు, అన్నీ పోయాయి. ప్రాక్టీసులో నీళ్లు తాగితే ఆటగాడు మెత్తబడతాడని, కండరాలు పట్టేస్తాయని ఆ రోజుల్లో కోచ్‌లు నిజంగానే నమ్మేవారు. జట్టు గెలిచింది. హైస్కూల్ అయ్యాక తండ్రి నడిపే కార్ల బాడీ షాపులో పనికి వెళ్లాల్సిన కుర్రాడు కోచింగ్‌ను వదల్లేదు. కొలరాడో కాలేజీలో చదువుతూనే మరో హైస్కూల్ జట్టును నడిపి, 1949లో డిగ్రీ పుచ్చుకున్న ఏడాదే, ఇరవై మూడేళ్లు నిండకముందే కారల్ కాలేజీ హెడ్ కోచ్ అయ్యారు. అక్కడ నాలుగేళ్లలో 24 గెలిచి 6 ఓడి, 1953లో సెయింట్ జాన్స్‌కు వచ్చారు.

ఆయనకు ముందు సెయింట్ జాన్స్‌లో కోచ్‌గా ఉన్నది సామాన్యుడు కాదు. గ్రీన్ బే ప్యాకర్స్ తరఫున ఆడి, తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి బృందంలోనే చోటు సంపాదించిన జానీ బ్లడ్ మెక్‌నాలీ. అంతటి ఆటగాడు మూడేళ్లు నడిపి వదిలేసిన జట్టు, ఎవరూ పేరు వినని ఈ యువకుడి చేతికి వచ్చిన మొదటి ఏడాదే కాన్ఫరెన్స్ (ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల లీగ్) టైటిల్‌లో వాటా తెచ్చుకుంది.

ఇక ప్రాక్టీసు సంగతి. మన ఊళ్లలో హైస్కూల్ చదివినవాళ్లకు డ్రిల్ మాస్టారంటే మెడలో వేలాడే విజిలే ముందు గుర్తొస్తుంది. గలార్డి మైదానంలో విజిల్ ఉండేది కాదు. ఆయన్ను ‘కోచ్’ అని పిలవనిచ్చేవారు కాదు, పద్ధెనిమిదేళ్ల కుర్రాడు కూడా ‘జాన్’ అనే పిలవాలి. మనకు ఇది ఎబ్బెట్టుగా తోచవచ్చు గానీ, అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో కూడా ‘కోచ్’ అన్నది మన ‘సార్’ అంత బరువున్న మాటే, అక్కడా దాన్ని వదులుకోవడం వింతే. ప్రాక్టీసు గంటన్నరకు మించదు. వానొస్తే, చలి మరీ ఎక్కువైతే, చివరికి మిన్నెసోటా దోమలు విపరీతంగా కుడుతుంటే కూడా ప్రాక్టీసు లోపలికి మారేది, లేదా ఆగిపోయేది. బరువులెత్తడం తప్పనిసరి కాదు. ఆటగాళ్లకు ప్రత్యేక భోజనశాల లేదు, ప్రత్యేక హాస్టల్ లేదు, ఎత్తుగడలన్నీ రాసిన మందపాటి ప్లేబుక్కూ లేదు. జట్టుకు శాశ్వత కెప్టెన్ ఉండడు, చివరి ఏడాది కుర్రాళ్లు వంతులవారీగా ఆ పని చేస్తారు. వచ్చినవాణ్ని వచ్చినట్టు చేర్చుకుంటారు, ఎవర్నీ జట్టులోంచి తీసెయ్యరు. ఇలాంటి ‘లేదు’లన్నీ ఒక పొడవాటి జాబితాగా తయారై, దానికి ‘వద్దులతో గెలుపు’ అనే అర్థం వచ్చే పేరు కూడా స్థిరపడింది.

అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. మిగతా కాలేజీల్లో ప్రాక్టీసుకు ముందు వరుసల్లో నిలబడి, లెక్క అరుస్తూ, సైనికుల్లా వ్యాయామాలు చేస్తారు. గలార్డి జట్టు కూడా వరుసల్లో నిలబడేది. ఆ తర్వాత అందరూ గడ్డిలో వెల్లకిలా పడుకునేవారు. పక్కనున్నవాడి వైపు తిరిగి, ‘ఎంత చక్కటి రోజో కదా’ అని చెప్పేవారు. అంతే, డ్రిల్ అయిపోయినట్టే. వందా యాభై మంది పెద్ద పెద్ద కుర్రాళ్లు హెల్మెట్లతో పచ్చికలో పడుకుని ఆకాశం చూస్తూ వాతావరణం గురించి మాట్లాడుకోవడం పక్కవాళ్ల కంటికి వేళాకోళంలా ఉంటుంది. నిజానికి అది వేళాకోళమే. తోటి కోచ్‌లు పవిత్రంగా భావించే తంతును వెక్కిరిస్తూ, ఆ తంతు ఆటకు ఏ మాత్రం పనికొస్తుందో ఒకసారి ఆలోచించమని ఆయన తన జట్టుకు రోజూ చెబుతున్నట్టే.

అసలు వివాదం మాత్రం ట్యాక్లింగ్ మీద. ఈ ఆట చూడనివాళ్లకు కబడ్డీ పట్టు ఊహించుకుంటే చాలు: బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ని ఎదుటి జట్టువాడు ఒళ్లు అడ్డం వేసి నేలకు పడేయడమే ట్యాక్లింగ్. పదకొండు మంది డిఫెండర్లు చేసే పనంతా చివరికి అక్కడికే వస్తుంది. రోజూ సాధన చెయ్యకుండా శనివారం మ్యాచ్‌లో ఆ పని ఎలా చేస్తారన్నది ఎవరికైనా వచ్చే సందేహం. గలార్డి ప్రాక్టీసులో డిఫెండర్ పూర్తి వేగంతో పరుగెత్తుకొచ్చి, పట్టుకోగల దూరం దాకా చేరి, అక్కడ ఆగిపోతాడు, పడెయ్యడు. ఆటగాళ్లు పూర్తి కవచాలు కాకుండా నిక్కర్లతోనో మామూలు ప్యాంట్లతోనో దిగేవారు. ఇనుప చట్రాన్ని భుజంతో నెట్టే సాధనాలు కూడా ఆ మైదానంలో ఉండేవి కావు.

దీని వెనుక తర్కం ఇది. ట్యాక్లింగ్‌లో రెండు పనులున్నాయి. ఒకటి, బంతి ఎటు వెళుతుందో ముందుగా పసిగట్టి సరైన చోటికి సరైన కోణంలో చేరడం. రెండోది, చేరాక ఢీకొట్టి పడెయ్యడం. మ్యాచ్‌లో పట్టు తప్పడానికి ఎక్కువసార్లు మొదటిదే కారణమనుకుంటే, సాధన కూడా దానికే చెయ్యాలి. ఎవరూ కింద పడకపోతే లేచి దులుపుకుని మళ్లీ వరుస కట్టడానికి పట్టే సమయం మిగులుతుంది. గంటన్నరలో ఎత్తుగడను మళ్లీ మళ్లీ నడిపించవచ్చు. దెబ్బలు తగిలి కూర్చునేవాళ్లు తగ్గుతారు, నవంబరు చివరి వారానికి కూడా ప్రధాన ఆటగాళ్లు నిలబడే ఉంటారు. డబ్బు పెట్టి బదులు ఆటగాణ్ని తెచ్చుకోలేని కాలేజీకి ఇది చిన్న లాభమేమీ కాదు. దానికితోడు ప్రత్యర్థి మ్యాచ్‌ల ఫిల్ములను గంటల తరబడి చూసే అలవాటు గలార్డికి ఉండేది. మైదానంలో మిగుల్చుకున్న శ్రమ అక్కడ ఖర్చయ్యేది.

అదే కాలంలో ఈ వృత్తి ఇంకో కొస ఎక్కడుందో చెప్పకపోతే ఇది ఎంత ఎదురీతో అర్థం కాదు. 1954 సెప్టెంబరులో, పైన చెప్పిన టెక్సస్ ఏ అండ్ ఎం జట్టునే కొత్త కోచ్ బేర్ బ్రయంట్ జంక్షన్ అనే కరువు ప్రాంతపు ఊరికి తీసుకెళ్లి, పది రోజులపాటు మండుటెండలో, నీళ్లు ఇవ్వకుండా సాధన చేయించారు. చాలామంది ఆటగాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు. ఆ ఏడాది ఆ జట్టు ఒక్క మ్యాచ్ గెలిచి తొమ్మిది ఓడింది. రెండేళ్ల తర్వాత ఒక్కటి కూడా ఓడలేదు. అందువల్ల జంక్షన్ శిబిరమే ఆ గెలుపుకు కారణమనే కథ అమెరికాలో స్థిరపడిపోయింది. కష్టపెడితేనే గెలుస్తారన్న నమ్మకానికి అది పురాణమైంది. అదే ఏడాది సెయింట్ జాన్స్‌లో తన రెండో సీజన్ నడుపుతున్న గలార్డి గురించి కథ చెప్పేవాళ్లు అప్పటికి లేరు.

మరి ఈ పద్ధతి గెలుస్తుంటే మిగతావాళ్లు ఎందుకు కాపీ కొట్టలేదు? నాలుగేళ్ల ఒప్పందం మీద వచ్చిన కోచ్ ప్రాక్టీసులో రోజూ ట్యాక్లింగ్ చేయించి ఓడిపోతే, ఆటగాళ్లు చాల్లేదనో అదృష్టం కలిసిరాలేదనో అంటారు. ట్యాక్లింగ్ మానేసి ఓడిపోతే మాత్రం ఆ ఒక్క కారణం చాలు, మరుసటి ఉదయమే ఉద్యోగం పోతుంది. అందరూ చేసేది చేసి ఓడినవాడికి రక్షణ ఉంది, భిన్నంగా చేసి ఓడినవాడికి లేదు. దాతలు, టీవీ సంస్థలు, సోమవారం ఉదయం పత్రికలు ఎవరూ తలమీద కూర్చోని కాలేజ్‌విల్‌లో గలార్డికి ఆ భయం లేదు. 1857లో బెనెడిక్టిన్ సన్యాసులు స్థాపించిన ఆ విద్యాసంస్థలో సరస్సులు, అడవి, మార్సెల్ బ్రాయర్ రూపకల్పన చేసిన కాంక్రీటు చర్చి, మగపిల్లలకు మాత్రమే ప్రవేశం, కొండవాలుల మధ్య సహజంగా గిన్నెలా ఏర్పడిన చోట ఫుట్‌బాల్ మైదానం ఉన్నాయి. అక్కడ ఓపిక పట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆయన ఒక్కొక్కటీ తీసేసి చూడగలిగారు. గంటన్నర ప్రాక్టీసు, అరుపులు లేని మైదానం కాబట్టే ఎనభై ఆరో ఏట కూడా ఆ పని చెయ్యగలిగారు. నిచ్చెన ఎక్కి ఉంటే ఈ రెండూ పోయేవి.

‘ఎవర్నీ తీసెయ్యం’ అన్న నియమానికి మాత్రం ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని ఉదారత అని మాత్రమే చదవడం అమాయకత్వం. రెండువేల లోపు విద్యార్థులున్న కాలేజీలో ఫుట్‌బాల్ జట్టుకే వందా యాభై మందికి పైగా ఉండేవారు. అంటే ఇంచుమించు ప్రతి పన్నెండు మందిలో ఒకడు ఆటగాడు, అతను ఫీజు కట్టే విద్యార్థి కూడా. మ్యాచ్‌లో దిగే అవకాశం ఎన్నడూ రాకపోయినా ‘నేను జట్టులో ఉన్నాను’ అనుకునే కుర్రాడు ఆ కాలేజీలో చేరతాడు, నాలుగేళ్లూ ఉంటాడు. అమెరికాలో చాలా చిన్న ప్రైవేటు కాలేజీలు ఫుట్‌బాల్‌ను నడిపేది టికెట్ల డబ్బు కోసం కాదు, అడ్మిషన్ల కోసమే. కొన్ని కాలేజీలైతే మగపిల్లల సంఖ్య తగ్గిపోతోందని కొత్తగా జట్లు మొదలుపెట్టాయి. అక్కడ కోచ్ సగం అడ్మిషన్ల అధికారే. గలార్డి నియమం ఆ అవసరానికి చక్కగా సరిపోయింది, దాంతో జట్టు నిండుగా ఉండేది.

ఇప్పుడు రికార్డు చిక్కు. గలార్డికి ముందు ఈ గౌరవం లూసియానాలోని గ్రాంబ్లింగ్ స్టేట్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్‌ది. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన ఆ కాలేజీలో 1941 నుంచి 1997 వరకు ఉండి 408 మ్యాచ్‌లు గెలిచారు. 2003 నవంబరు 8న సొంత మైదానంలో, 13 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు, బెథెల్ జట్టును 29–26తో ఓడించి గలార్డి 409వ గెలుపు అందుకున్నారు. ఆ తర్వాత 2011లో పెన్ స్టేట్ కోచ్ జో పాటర్నో కూడా యాదృచ్ఛికంగా సరిగ్గా 409 దగ్గరే ఆగారు. గతంలో ఆయన కింద పనిచేసిన సహాయ కోచ్ బాలలపై చేసిన లైంగిక నేరాలు బయటపడ్డాక 2012లో ఎన్‌సీఏఏ ఆ గెలుపుల్లో 111 రద్దు చేసి, 2015లో మళ్లీ పునరుద్ధరించింది. టీవీలో ‘కాలేజీ ఫుట్‌బాల్ రికార్డు’ అని వినబడేది తరచుగా ఈ 409 గురించే, అంటే డివిజన్ వన్ పైస్థాయి లెక్క. అన్ని స్థాయిలూ కలిపిన లెక్కలో 489 వేరే. రెండూ నిజమే, రెండిటినీ ఒకే మాటతో పిలవడంతో వచ్చిన గందరగోళం ఇది.

వాసికి రాశి కొలమానం కాదనే వాదన కూడా ఉంది, అది న్యాయమైనదే. గలార్డి గెలుపు శాతం, డ్రాలను సగం గెలుపుగా లెక్కిస్తే, సుమారు 77.5. అదే డివిజన్ త్రీలో, ఒహాయోలోని మౌంట్ యూనియన్ కోచ్ లారీ కేరస్ 332 గెలిచి 24 మాత్రమే ఓడారు, 3 డ్రాలు. సుమారు 93 శాతం, పదకొండు జాతీయ టైటిళ్లు. పక్కపక్కన పెడితే ఎక్కువ గెలిచే జట్టును తయారు చేసింది కేరసే అనాలి. గలార్డికి నాలుగు జాతీయ టైటిళ్లున్నాయి: 1963, 1965ల్లో ఎన్‌ఏఐఏ అనే చిన్న కాలేజీల సంఘం తరఫున, 1976, 2003ల్లో ఎన్‌సీఏఏ డివిజన్ త్రీలో. నలభై ఏళ్ల ఎడంలో, ఆట నియమాలు, వ్యూహాలు, కుర్రాళ్ల శరీరాలు అన్నీ మారిపోయిన కాలాల్లో గెలవడమే ఇక్కడ గమనించాల్సింది. డివిజన్ త్రీ ఫైనల్‌కు పేరిచ్చిన ఆమోస్ అలోంజో స్టాగ్ ఈ ఆటకు పితామహుల్లో ఒకరు, ఆయన హెడ్ కోచ్‌గా ఉన్నది 57 సీజన్లు; గలార్డి దాన్ని కూడా ఏడు దాటారు.

గలార్డి, కేరస్ ముఖాముఖి కూడా తలపడ్డారు. 2000 ఫైనల్లో కేరస్ జట్టు 10–7తో గెలిచింది. మూడేళ్ల తర్వాత, 409వ గెలుపు వచ్చిన సీజన్‌లోనే, వర్జీనియాలోని సేలం పట్టణంలో మళ్లీ ఎదురుపడ్డారు. మౌంట్ యూనియన్ అప్పటికి వరుసగా 55 మ్యాచ్‌లు గెలిచి ఉంది. సెయింట్ జాన్స్ 24–6తో ఆ వరుసను తెంచింది. డెబ్బై ఏడేళ్ల కోచ్, ప్రాక్టీసులో ఒక్కర్నీ నేలకు పడెయ్యని జట్టు, దేశంలోనే బలమైన ప్రత్యర్థిని ఆరు పాయింట్లకు కట్టడి చేసింది. పద్ధతి మీద సందేహమున్నవాళ్లకు డిఫెన్స్ ఇచ్చిన జవాబుగా నేను ఆ ఆరునే చూపిస్తాను. 2006లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను చేర్చుకుంది. అప్పటికి ఆయన ఇంకా కోచే.

చివరి ఏళ్లు అంత బాగా సాగలేదు. అదే కాన్ఫరెన్స్‌లోని పాత ప్రత్యర్థి, సెయింట్ పాల్ నగరంలోని సెయింట్ థామస్, కొత్త కోచ్ కింద బలపడింది. 2012లో సెయింట్ జాన్స్ ఐదు గెలిచి ఐదు ఓడింది. ఆ నవంబరులో గలార్డి విరమించుకున్నారు, 2018 అక్టోబరులో 91వ ఏట కన్నుమూశారు. ఆయన పద్ధతి కాలం చెల్లిపోవడం వల్లే ఆ క్షీణత వచ్చిందని కొందరంటారు. నాకు అంత నిశ్చయంగా అనిపించదు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి పద్ధెనిమిదేళ్ల కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి మా కాలేజీకి రమ్మనడంలో ఉండే ఇబ్బంది కూడా లెక్కలోకి రావాలి.

పద్ధతికి మాత్రం కాలం చెల్లలేదు, ఇంకా చెప్పాలంటే అప్పుడే కాలం వచ్చింది. 2010లో డార్ట్‌మత్ కాలేజీ కోచ్ బడీ టీవెన్స్ ప్రాక్టీసులో ఆటగాళ్లు ఒకరినొకరు పడెయ్యడం ఆపించారు. తర్వాత అక్కడి ఇంజనీరింగ్ విద్యార్థులు తయారు చేసిన, రిమోట్‌తో పరుగెత్తే బొమ్మను పడేసి సాధన చేశారు. 2016లో డార్ట్‌మత్ ఆడే ఐవీ లీగ్‌లోని కోచ్‌లంతా సీజన్ మధ్య ప్రాక్టీసుల్లో పూర్తిస్థాయి ట్యాక్లింగ్ వద్దని ఓటేశారు. ఆరు డివిజన్ వన్ కాలేజీల ఆటగాళ్లను 2015 నుంచి 2019 వరకు గమనించిన అధ్యయనంలో, మెదడు అదిరే గాయాల్లో 72 శాతం మ్యాచ్‌ల్లో కాదు, ప్రాక్టీసుల్లోనే తగిలాయని తేలింది. 2021లో ఎన్‌సీఏఏ ప్రీసీజన్ ప్రాక్టీసుల్లో పూర్తిస్థాయి ట్యాక్లింగ్‌కు పరిమితులు బిగించింది. ఇదంతా గలార్డి ముందే ఊహించారని రాయడం మాత్రం అతిశయోక్తి. 1943లో ఆ కుర్రాడి ముందు మెదడు పరిశోధనలు లేవు. కొట్టుకోవడం ఆయనకు నచ్చలేదు, దాని వల్ల శనివారానికి ఉపయోగం కనబడలేదు, అంతే. వేరే కారణంతో సరైన చోటికి చేరారు.

సెయింట్ జాన్స్ జట్టు పగ్గాలు ఆయన దగ్గర ఆడి, ఆయన కిందే సహాయ కోచ్‌గా పనిచేసిన గ్యారీ ఫాషింగ్‌కు వచ్చాయి. 2017లో మినియాపొలిస్‌లోని బేస్‌బాల్ మైదానం టార్గెట్ ఫీల్డ్‌లో సెయింట్ జాన్స్, సెయింట్ థామస్ తలపడితే 37,355 మంది చూశారు. డివిజన్ త్రీ మ్యాచ్‌కు అంతమంది అంతకు ముందెన్నడూ రాలేదు. అదే సీజన్‌లో సెయింట్ థామస్ మరో ప్రత్యర్థిని 97–0తో ఓడించింది. ఇంత బలమైన జట్టుతో పోటీ పడలేమని మిగతా కాలేజీలు మొరపెట్టుకోవడంతో 2019లో కాన్ఫరెన్స్ ఆ కాలేజీని సాగనంపింది. 2021లో సెయింట్ థామస్ మధ్యలో ఒక్క మెట్టూ ఆగకుండా డివిజన్ త్రీ నుంచి నేరుగా డివిజన్ వన్‌కు ఎక్కింది. అక్కడ దాని ఫుట్‌బాల్ జట్టు చేరిన పయొనీర్ లీగ్‌లో కూడా ఆటకు స్కాలర్‌షిప్పులు ఇవ్వరు. సెయింట్ జాన్స్ ఉన్నచోటే ఉంది.